ఒక అంగడికి రెండు గుమ్మాలు

పూర్వం మన గ్రామాలలో ఇల్లాలు పచారీ సరకుల కోసం తానే అంగడికి వెళ్ళవలసిన పని ఉండేది కాదు. కందిపప్పు రెండు కిలోలు, చింతపండు అరకిలో, ఆవాలు ఒక పొట్లం అని చీటీ మీద వ్రాసి పిల్లవాని చేతికిచ్చి పంపేది. షావుకారు తీరిక చూసుకొని పొట్లాలు కట్టి, పురికొసతో బిగించి, అదే చీటీ వెనుక లెక్క వేసి ప్రక్కన పెట్టేవాడు. సాయంత్రం ఇంటి యజమాని పొలం నుండి వస్తూ సంచి అందుకొని వెళ్ళేవాడు. బాకీ పద్దులో పడేది. నేడు పట్టణాలలోని పెద్ద సంస్థలు "ఇంట్లో కూర్చొని ఎంచుకోండి, దుకాణానికి వచ్చి తీసుకోండి" అని ప్రకటించుకొంటున్న పద్ధతికీ, మన చీటీ పద్ధతికీ స్వభావంలో భేదమేమీ లేదు. చీటీ స్థానంలో ఫోను వచ్చింది, పద్దు స్థానంలో యూపీఐ వచ్చింది.

అయితే చీటీ కాలంలో అడిగేవారందరూ ఒక్క గుమ్మం నుండే వచ్చేవారు. సరకు ఉన్నదో లేదో అర వంక చూస్తే షావుకారుకు తెలిసేది. ఇప్పుడు అడిగే మనిషి రెండు వందల మైళ్ళ దూరంలో ఉండవచ్చు. ఆ మనిషి అడిగిన క్షణంలోనే మీ గల్లా ముందు మరొకరు నిలబడి, అదే వస్తువును చేతిలోకి తీసుకొని ఉండవచ్చు. చిక్కంతా అక్కడే ఉన్నది.

వ్యాపార మిత్రులారా, ఋణగ్రహీత సోదర సోదరీమణులారా! ఈ విషయమై సిద్ధాంతాలు చెప్పడం కంటె, నా పరిధిలోని ఒక చేనేత చీరల దుకాణంలో జరిగినది జరిగినట్లు మీ ముందుంచడం మేలని తలుస్తున్నాను. అందులో ఆ దుకాణం వారి పొరపాటు కొంత, క్షేత్రాధికారిగా నా పొరపాటు కొంత ఉన్నవి.

శ్రావణమాసంలో ఒక చీర

మంగళగిరికి కొద్ది దూరంలోని ఒక గ్రామంలో ఆ దుకాణం ఉన్నది. యజమానురాలు యాభై ఏళ్ళు దాటిన మహిళ. చుట్టుప్రక్కల మగ్గాల వారి వద్ద నిజాం అంచు నూలు చీరలు కొని అమ్ముతారు. ఆమె 2022 వేసవిలో మూడు లక్షల రూపాయల క్యాష్ క్రెడిట్ కావాలని మా శాఖకు దరఖాస్తు ఇచ్చారు. నేను పరిశీలనకు వెళ్ళినప్పుడు దుకాణంలో సరకు నిండుగా ఉన్నది, గిరాకీ ఉన్నది, ఆమె కోడలి ఫోనులో హైదరాబాదు, విశాఖపట్టణాల నుండి అడిగేవారు కూడా ఉన్నారు. కాని దుకాణం కరెంటు ఖాతాలో మాత్రం నెలకు 48,000 రూపాయలకు మించి జమలు కనబడలేదు.

ఇటువంటి చిన్న వ్యాపారాలకు నిర్వహణ పెట్టుబడిని బ్యాంకులు ఏ విధంగా లెక్కిస్తాయో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నాయక్ కమిటీ సూచించిన పద్ధతి ప్రకారం, ఏడాదికి జరుగగల అమ్మకాలలో 25 శాతం పెట్టుబడి అవసరమని భావించి, అందులో 5 శాతం వ్యాపారి తెచ్చుకోగా మిగిలిన 20 శాతం బ్యాంకు ఇస్తుంది. నెలకు 48,000 అంటే ఏడాదికి 5,76,000. అందులో 20 శాతం 1,15,200 రూపాయలు. ఆమె అడిగినది మూడు లక్షలు. "నెలకు లక్షా ముప్ఫై వేలు అమ్ముతున్నాం బాబూ, నా మాట మీద నమ్మకం లేదా?" అని ఆమె అడిగారు. నమ్మకం లేక కాదు, నేను వ్రాసే నివేదికలో మాటను అతికించడానికి చోటు లేదు. లక్షా ఇరవై వేలకు సిఫారసు చేశాను. దానికి తోడు కంప్యూటరు, బిల్లింగు సాఫ్ట్‌వేరు కోసం 60,000 రూపాయల వాయిదా ఋణం కూడా ఇప్పించాను. ఫోను అమ్మకాలు, దుకాణం అమ్మకాలు ఒకే తెరమీద కనబడతాయని, అది గొప్ప సదుపాయమని నేనే ఆమెకు నచ్చజెప్పాను. ఆమె తనంతట తాను అడిగినది కాదు.

వరలక్ష్మీ వ్రతానికి నాలుగు రోజుల ముందు ఆ సంఘటన జరిగింది. గంధపు రంగు చీర ఒకటి, దాని బొమ్మను కోడలు వాట్సాప్‌లో పెట్టారు. విశాఖపట్టణం నుండి ఒక గృహిణి ఉదయం 11 గంటలకు 2,400 రూపాయలు చెల్లించారు. అరగంట తరువాత తెనాలి నుండి వచ్చిన కుటుంబం అదే చీరను దుకాణంలో ఎంచుకొన్నది. గల్లా వద్ద ఉన్న కుమారునికి విషయం తెలియదు. అతడు మడిచి సంచిలో వేసి ఇచ్చివేశాడు. సాయంత్రం చీర కోసం వెదికితే లేదు. నేతగాని వద్దకు పరుగెత్తారు. ఆ పడుగు అప్పటికే పూర్తయి, మగ్గం మీద వేరే రంగు ఎక్కించి ఉన్నది. మిల్లు వస్త్రమైతే మరొక తాను తెప్పించవచ్చు. చేతి నేతకు ఆ అవకాశం లేదు.

డబ్బు తిరిగి పంపించారు. ఆ గృహిణి కోపగించుకోలేదని, "సరే లెండి" అని మాత్రమే అన్నారని కోడలు నాతో చెప్పారు. కాని ఆమె ద్వారా పరిచయమైన బంధువర్గంలో ఎనిమిదిమంది ఆ ఏడాది మరి ఏమీ అడుగలేదు. ఆ శ్రావణంలోనే ఇటువంటివి మరి రెండు జరిగినవి. పండుగల సరకు మిగిలిపోయింది. నేతవారికి ఇవ్వవలసిన బాకీ నిలిచింది. అక్టోబరు మాసాంతానికి కంప్యూటరు ఋణపు వాయిదాలు 60 రోజులు దాటి నిలిచిపోయినవి. 90 రోజులు దాటితే ఆ ఖాతా నిరర్థక ఆస్తి అవుతుందని, ఆ తరువాత చాలాకాలం ఆమెకు ఏ బ్యాంకులోను అప్పు పుట్టదని మీకు తెలిసినదే. శాఖలో నన్ను సంజాయిషీ అడిగారు.

నేను వెళ్ళి చూడగా కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉన్నది. దాని మీద ఒక దేవుని పటం కూడా పెట్టారు. నాలుగు నెలలలో ఒక్క చీర కూడా అందులో నమోదు కాలేదు. కారణం అడిగితే ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తున్నది. "సబ్బులకైతే నెంబరు వేసి ఉంటుంది బాబూ. ఈ చీరలకు పేరేమని కొట్టాలి అందులో?"

సంఖ్య లేని సరకు

ఆ ప్రశ్న చిన్నదిగా కనబడినా, సాంకేతికంగా అందులోనే అసలు సంగతి ఇమిడి ఉన్నది. మీ దుకాణంలోని సబ్బు మీద, బిస్కట్ల మీద నల్లని గీతలు చూచే ఉంటారు. 1974 జూన్ 26వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ట్రాయ్ పట్టణంలో ఒక చూయింగ్ గమ్ పొట్లంతో ఈ గీతలను చదివే పద్ధతి దుకాణాలలోకి ప్రవేశించింది. ఆ గీతలలో ధర ఉండదు, సరకు పేరూ ఉండదు. ఒక సంఖ్య మాత్రమే ఉంటుంది. మన దేశంలో తీసుకొన్న సంఖ్యలు 890తో మొదలవుతాయి. (దీనిని బట్టి ఆ వస్తువు మన దేశంలోనే తయారైనదని అనుకోరాదు. సంఖ్య ఇక్కడ కేటాయించబడినదని మాత్రమే అర్థం.) ధర, నిల్వ, పేరు మీ యంత్రంలో ఆ సంఖ్యకు ఎదురుగా వ్రాసి ఉంటాయి. అర మీది వస్తువునూ, తెర మీది బొమ్మనూ కలిపే ముడి ఆ సంఖ్యే. గల్లా వద్ద గీత చదివినా, ఫోనులో గిరాకీ వచ్చినా తగ్గవలసినది ఆ ఒక్క సంఖ్యకు ఎదురుగా ఉన్న నిల్వే. చేనేత చీరకు, బెల్లం దిమ్మకు, కుండకు, చేటకు అటువంటి సంఖ్యను ఎవరూ ఇవ్వరు. మీరే ఇచ్చుకోవాలి.

కోడలు ఆ పని కాగితం మీద మొదలుపెట్టారు. కొత్త చీర రాగానే మడతలో ఒక చిన్న చీటీ గుచ్చి, 1 నుండి వరుసగా సంఖ్య వేశారు. గీతల పుస్తకంలో ఆ సంఖ్యకు ఎదురుగా నేతగాని పేరు, కొన్న ధర, రంగు వ్రాశారు. ఫోనుకు బొమ్మ తీసేటప్పుడు చీటీలోని సంఖ్య కూడా కనబడేటట్లు తీశారు. ఎవరైనా ఫోనులో అడిగితే, ముందుగా చీరను అరలో నుండి తీసి వేరుగా ఉంచిన చిన్న బీరువాలో పెట్టి, ఆ తరువాతనే "ఉన్నదండీ" అని సమాధానం వ్రాయాలన్నది ఇంట్లో అందరికీ చెప్పిన నియమం. సాయంత్రం ఆరు లోపున డబ్బు రాకపోతే చీర మళ్ళీ అరలోకి వెళ్తుంది. దుకాణంలో అమ్మితే చీటీ పీకి కొక్కేనికి గుచ్చుతారు. రాత్రి ఆ చీటీలను చూచి పుస్తకంలో కొట్టివేస్తారు.

ఇందులో కరెంటుతో పనిచేసేది ఏదీ లేదు. అయినా ఆ కార్తీకమాసం నుండి ఒక్క చీర కూడా ఇద్దరికి అమ్ముడుపోలేదు. 2023 వేసవిలో మాత్రమే ఆ సంఖ్యలను ఫోనులోని బిల్లింగు యాప్‌లోకి ఎక్కించారు. అప్పటికి అలవాటు కుదిరింది కనుక అది నిలిచింది. కంప్యూటరును కుమారుడు అమ్మివేశాడు. దాని వాయిదాలు పూర్తిగా చెల్లించారు గాని, ఆ 60,000 రూపాయల అప్పు నేను ఇప్పించవలసినది కాదని ఒప్పుకొంటున్నాను. మీ వద్దకు ఎవరైనా యంత్రాన్నిగాని, సాఫ్ట్‌వేరునుగాని అమ్మజూపితే, ముందుగా పదిహేను రోజులు పుస్తకంలో అదే పని చేసి చూడండి. పుస్తకంలో నిలువని క్రమం యంత్రంలోనూ నిలువదు.

ఎరువుల డీలర్లకు ఈ సంగతి నేను వేరుగా చెప్పనక్కరలేదు. సబ్సిడీ ఎరువులను పీఓఎస్ యంత్రం ద్వారా అమ్మే పద్ధతి కృష్ణా జిల్లా వంటి చోట్ల ప్రయోగాత్మకంగా ఆరంభమై, 2018 మార్చి నాటికి దేశమంతటా అమలులోకి వచ్చింది. కొనుగోలుదారు ఆధార్ వివరాలతో అమ్మకం నమోదైన తరువాతనే ఆ బస్తాకు చెందిన సబ్సిడీ కంపెనీకి చేరుతుంది. యంత్రంలోని నిల్వకు, గోదాములోని బస్తాలకు తేడా వస్తే తనిఖీ అధికారికి మీరు ఏమి సమాధానం చెప్పుకోవలసి వస్తుందో మీకే బాగా తెలుసు. సీజను రద్దీలో బస్తాలు ముందుగా ఇచ్చి, నమోదు రాత్రికి చేద్దామని వాయిదా వేసినవారు పడిన అవస్థలు నేను చూశాను. సర్కారు నిర్బంధం వల్ల ఎరువులకు మీరు చేస్తున్న పనిని మీ ఇతర సరకులకు, అనగా స్ప్రేయర్లకు, డ్రిప్ పైపులకు, టార్పాలిన్లకు స్వచ్ఛందంగా చేసుకొంటే, వాటిని ఫోను ద్వారా కూడా నిర్భయంగా అమ్ముకోవచ్చు. క్రిమిసంహారక మందుల విషయంలోనూ, లైసెన్సు గలవారు ఆన్‌లైన్ వేదికల ద్వారా అమ్మడానికి వీలుగా 2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వం నియమాలను సవరించింది. మీ రైతు పట్టణం నుండి మందు తెప్పించుకొనే దారి తెరుచుకొన్నదని గ్రహించండి. మీరు పొలం చూచి సలహా చెప్పగలరు, ఆ రోజే డబ్బా చేతికివ్వగలరు. దూరపు అమ్మకందారునికి ఆ రెండూ సాధ్యం కావు.

డబ్బు ఎవరి ఖాతాలో పడుతున్నది?

చీరల దుకాణంలో మరొక సంగతి ఆలస్యంగా బయటపడింది. అమ్మకాలు లక్షా ముప్ఫై వేలని ఆమె చెప్పినది నిజమే. గల్లా ముందు అతికించిన క్యూఆర్ కాగితం కుమారుని సేవింగ్సు ఖాతాకు చెందినది, అదీ వేరొక బ్యాంకులో ఉన్నది. ఫోను గిరాకీ డబ్బు కోడలి ఖాతాలో పడుతున్నది. దుకాణం ఖాతాలోకి చేరేది చేతి నగదులో మిగిలినది మాత్రమే. ఇంటిలోని మూడు ఖాతాలలో మూడు ముక్కలుగా ఉన్న వ్యాపారాన్ని నేను ఒక ముక్క చూచి అంచనా వేశాను.

మీ దుకాణం ముందున్న క్యూఆర్ కాగితాన్ని ఒకసారి మీ ఫోనుతోనే చదివి, ఏ పేరు కనబడుతున్నదో చూడండి. నేను ఈ పని చేయించిన చోట్ల బావమరిది పేరు, చదువుకొనే పిల్లవాని పేరు, ఒకచోట మూడేళ్ళ క్రితం దుకాణం వదలి వెళ్ళిన గుమాస్తా పేరు వచ్చినవి. యూపీఐ 2016లో వచ్చింది. 2025 ఆగస్టులో దేశం మొత్తం మీద ఒక్క నెలలో జరిగిన చెల్లింపుల సంఖ్య 2,000 కోట్లు దాటింది. ఇంత ప్రవాహంలో మీ వాటా మీ దుకాణం పేరు మీద నమోదు కాకపోతే, ఋణానికి వచ్చినప్పుడు మీరు చూపగలిగినది ఏమీ ఉండదు.

ఇక్కడ చాలామంది ఒక భయం వెలిబుచ్చుతారు. "లెక్కలన్నీ ఖాతాలో కనబడితే పన్ను వారు రారా?" అని. 2025 జూలైలో కర్ణాటకలో చిన్న వ్యాపారులకు యూపీఐ జమల ఆధారంగా జీఎస్టీ నోటీసులు అందినప్పుడు, కొందరు క్యూఆర్ కాగితాలు పీకివేసి నగదు మాత్రమే తీసుకొంటామని బోర్డులు పెట్టుకొన్నారు. పాలు, కూరగాయలు అమ్మేవారికి కూడా నోటీసులు వెళ్ళడంతో ఆందోళన పెరిగింది. వారి కలవరం అర్థం చేసుకోదగినదే. కాని నమోదు బాధ్యత అమ్మకాల మొత్తాన్ని బట్టి వస్తుంది, చెల్లింపు పద్ధతిని బట్టి కాదు. నగదు అమ్మకాలూ ఆ మొత్తంలోనివే. సరకులు మాత్రమే అమ్మేవారికి సాధారణ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. దాని లోపున ఉన్నవారు జమలకు జంకనవసరం లేదు. కుమారుని సేవింగ్సు ఖాతాలో పడిన దుకాణం డబ్బుకు సంజాయిషీ చెప్పుకోవడం ఇంకా కష్టం. ఆదాయపు పన్నులోనైతే, పుస్తకాలు లేకుండా అంచనా పద్ధతిని ఎంచుకొన్న చిన్న వ్యాపారి నగదు అమ్మకాలపై 8 శాతం లాభంగా చూపవలసి ఉండగా, బ్యాంకు ద్వారా వచ్చిన అమ్మకాలపై 6 శాతం చూపితే చాలు.

ఆన్‌లైన్ వేదికల ద్వారా అమ్మదలచిన చిన్నవారికి 2023 అక్టోబరు 1 నుండి ఒక వెసులుబాటు కలిగింది. జీఎస్టీ పరిమితికి లోబడినవారు రాష్ట్రం లోపల సరకులు అమ్మడానికి పూర్తి నమోదు లేకుండానే, పాన్ సంఖ్యతో పోర్టల్‌లో పేరు చేర్చుకొని అమ్ముకోవచ్చు. సరకు రాష్ట్రం దాటితే నియమాలు వేరు. 2014 తరువాత మంగళగిరి చీరకు హైదరాబాదు పొరుగు రాష్ట్రమన్న మాట ఫోనులో గిరాకీ చూసుకొనేటప్పుడు ఎవరికీ తోచదు! మా ఋణగ్రహీత పన్ను సలహాదారుని అడిగి ముందుగానే జీఎస్టీ నమోదు చేయించుకొన్నారు. మీరూ ఆ సలహా తీసుకొన్న తరువాతనే పొరుగు రాష్ట్రానికి పార్శిలు పంపండి.

ఓఎన్‌డీసీ గురించి డీలర్ల సమావేశాలలో తరచుగా అడుగుతున్నారు. 2021 డిసెంబరు 31న లాభాపేక్ష లేని కంపెనీగా నమోదైన ఈ సంస్థ స్వయంగా దుకాణం కాదు. వేర్వేరు యాప్‌లను కలిపే దారి వంటిది. మీరు ఒక అమ్మకపు యాప్‌లో సరకు జాబితా పెడితే, వేరొక కొనుగోలు యాప్‌లోని వినియోగదారునికి అది కనబడుతుంది. ఒకే కంపెనీ గుప్పిటలో ఉండనవసరం లేకపోవడం ఇందులోని మేలు. కాని జాబితాలో ఉన్న సరకు అరలో లేకపోతే కలిగే నష్టం ఇక్కడా అదే. కమీషను, రవాణా ఖర్చు, తిరిగి వచ్చిన సరకు ఖర్చు ఎవరు భరించాలో లిఖితపూర్వకంగా తెలుసుకొనిగాని చేరవద్దు. పదిశాతం లాభం మీద నడిచే పచారీ దుకాణానికి ఆ లెక్క తేడా వస్తే పెట్టుబడే కరిగిపోతుంది.

మోసాల గురించి రెండు మాటలు చెప్పి ముందుకు సాగుతాను. ఎవరో చూపే తెరబొమ్మను చూచి సరకు ఇవ్వకండి. మీ ఫోనులోనో, మాట్లాడే పెట్టెలోనో జమ అయినట్లు తెలిసిన తరువాతనే ఇవ్వండి. డబ్బు మీకు రావడానికి పిన్ కొట్టవలసిన అవసరం ఎన్నడూ ఉండదు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి.

2024లో మళ్ళీ లెక్క

2023 జనవరి నుండి దుకాణం పేరు మీద కరెంటు ఖాతాకు ఒక్కటే క్యూఆర్ తీసుకొన్నారు. ఫోను గిరాకీ డబ్బు కూడా అందులోకే రావడం మొదలైంది. పాత బాకీని 90 రోజుల గడువుకు వారం ముందు, నేతవారిని బ్రతిమాలి వారి చెల్లింపులు వెనుకకు నెట్టి సర్దుబాటు చేశారు. ఆ వారం రోజులు ఆమెకు నిద్ర లేదని తరువాత చెప్పారు. నాకూ లేదు.

2024లో పరిమితి పెంపుదలకు ఆమె వచ్చినప్పుడు పన్నెండు నెలల ఖాతా జమలు సగటున నెలకు 1,34,000 ఉన్నవి. ఏడాదికి 16,08,000. అందులో 20 శాతం 3,21,600. రెండేళ్ళ క్రితం ఆమె అడిగిన మూడు లక్షలకు ఇది మించి ఉన్నది. ముద్రా పథకంలోని కిశోర్ తరగతి 5 లక్షల వరకు వర్తిస్తుంది కనుక ఆస్తి తనఖా అవసరం పడలేదు. మూడు లక్షల ఇరవై వేలకు సిఫారసు చేశాను, మంజూరైంది. నెలసరి సరకు నివేదిక వ్రాయడానికి ఆమెకు ఇప్పుడు అరగంట పడుతుంది. యాప్‌లోని నిల్వ, పుస్తకంలోని నిల్వ, అరలోని చీరలు మూడూ లెక్కించి తేడా వస్తే కారణం ప్రక్కన వ్రాస్తారు. గత నివేదికలో "214వ నెంబరు ఎలుక కొట్టినది" అని వ్రాసి ఉన్నది.

మీరు ఇటువంటి పరిమితికి దరఖాస్తు చేయదలచితే, దుకాణం పేరు మీద ఉన్న ఖాతాకు పన్నెండు నెలల స్టేట్‌మెంటు, ఆ ఖాతాకే చెందిన క్యూఆర్, సరకు పుస్తకం, జీఎస్టీగాని ఉద్యమ్ గాని నమోదు పత్రం తీసుకొని మీ శాఖకు రండి. జమలు రెండు మూడు ఖాతాలలో చీలి ఉంటే దాచవద్దు, అన్నీ వెంట తీసుకొని రండి. 2021 సెప్టెంబరు నుండి నడుస్తున్న అకౌంట్ అగ్రిగేటర్ ఏర్పాటులో, మీ అనుమతితో ఇతర బ్యాంకుల ఖాతా వివరాలను కూడా మేము తెప్పించుకొని చూడగల వీలున్నది. పరిశీలనకు వచ్చే అధికారి మీ అరల ముందు నిలబడి ఏదో ఒక సంఖ్య చెప్పి ఆ సరకు చూపమని అడుగవచ్చు. నేనైతే తప్పక అడుగుతాను.